దేవుడి హద్దు ఎక్కడుంది? – మన ఆచారాల్లో పవిత్రమూ, మామూలూ



డిగ్రీలో సోషియాలజీ తీసుకున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు హాస్టల్లో మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతుంటారు. "ప్రతి సమాజమూ లోకాన్ని పవిత్రం, అపవిత్రం అని రెండుగా విభజిస్తుందని పుస్తకంలో ఉంది. మన గోండుల్లో ఏది పవిత్రం, ఏది అపవిత్రం?" పరీక్షకు రెండు మార్కుల ప్రశ్న ఇది. మనకు మాత్రం రెండు మార్కులతో తీరేది కాదు. మన భూమి, మన అడవి, మన ఆట, మన ఆడబిడ్డల గౌరవం అన్నీ ఈ ప్రశ్నలోనే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో దాని గురించే మాట్లాడుకుందాం.

మాట ఎక్కడిది?

ఈ విభజనను ప్రసిద్ధం చేసినవాడు ఫ్రాన్స్ దేశపు ఎమిల్ దుర్ఖైమ్. మత జీవితపు మూల రూపాల గురించి ఆయన రాసిన పుస్తకం 1912లో వచ్చింది. మామూలు వాటి నుంచి వేరు చేసి, నిషేధాలతో కాపాడుకునేవే పవిత్రమైనవని ఆయన చెప్పాడు. మిగిలినదంతా లౌకికం. ఆయన ఉదాహరణలు ఎక్కువగా ఆస్ట్రేలియా ఆదివాసులవి. అయితే ఆయన ఎన్నడూ ఆస్ట్రేలియా వెళ్లలేదు. ఇతరులు చూసి రాసిన వాటిని చదివి రాశాడు. ఆఫ్రికాలో ఆదివాసుల మధ్య ఏళ్ల తరబడి ఉన్న ఇవాన్స్-ప్రిచార్డ్ అనే పండితుడు 1965లో ఇంకో మాట చెప్పాడు. ఊళ్లలో తిరిగి పరిశోధించేటప్పుడు ఈ విభజన తనకు పనికి రాలేదని, జీవితంలో ఆ రెండూ కలిసిపోయి ఉంటాయని అన్నాడు.

ఇంగ్లీషులో లౌకికానికి వాడే 'ప్రొఫేన్' అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. 'ఫానుమ్' అంటే గుడి, 'ప్రో' అంటే ముందు. గుడి ముందు, అంటే గుడి బయట ఉన్నది ప్రొఫేన్. ఆ మాట పుట్టడానికే ఒక గుడి, దానికో గోడ ఉండాలి. గోడ లోపల దేవుడు, గోడ బయట లోకం.

తెలుగులోకి వచ్చేసరికి ఇంకో చిక్కు వచ్చింది. కొన్ని పుస్తకాల్లో దాన్ని 'అపవిత్రం' అని రాశారు. అపవిత్రం అనగానే మన మనసులో మైల, మురికి, తాకరానిది మెదులుతాయి. ప్రొఫేన్‌కు ఆ అర్థం లేదు. రోజువారీది, మామూలుది అనే అర్థం. నాగలి, సద్ది మూట, సంత, బడి ఇవన్నీ మామూలువే కానీ మైలవి కావు. కాబట్టి మన ప్రశ్నను ఇలా మార్చుకుందాం: మనలో మామూలు వస్తువు పవిత్రం ఎప్పుడవుతుంది? ఎవరి చేతుల మీదుగా అవుతుంది? మళ్లీ మామూలు ఎప్పుడవుతుంది?

కేస్లాపూర్‌లో నీళ్లు, కుండ, మట్టి

దీనికి జవాబు కేస్లాపూర్ నాగోబా జాతరలో దొరుకుతుంది. ఇంద్రవెల్లి మండలంలో ఏటా పుష్య అమావాస్యకు మెస్రం వంశం వారు చేసే జాతర ఇది.

మొదట నీళ్ల సంగతి చూద్దాం. జాతరకు ముందు మెస్రం వారు కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తిన మడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. కాళ్లకు చెప్పులుండవు. ఆ నది నీళ్లలో పశువులు దిగుతాయి, బట్టలు ఉతుకుతారు, పొలాలకు పారిస్తారు. ఝరిలో నింపిన క్షణం నుంచి అవే నీళ్లు గంగాజలం. నీళ్లు మారలేదు. నడిచిన దారి, నడిచినవాళ్ల నియమం, తెచ్చిన రోజు వాటికి ఆ విలువ ఇచ్చాయి. అవే నీళ్లు మోటారు బండి మీద గంటలో తెచ్చి పోస్తే జాతర అవుతుందా అని ఏ మెస్రం పెద్దమనిషినైనా అడిగి చూడండి.

తర్వాత కుండ. పూజకు కావలసిన మట్టి కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయిస్తారు. ఆ కుమ్మరులు గోండులు కారు, మెస్రం వంశస్థులు అసలే కారు. అయినా వాళ్ల చక్రం మీద తిరిగిన మట్టి లేనిదే మన పెద్ద పూజ సాగదు.

ఇక పుట్ట. మెస్రం ఆడబిడ్డలు, అల్లుళ్లు కోనేటి నుంచి కుండలతో నీళ్లు తెచ్చి, మట్టి తడిపి పుట్ట కడతారు. అల్లుళ్లు ఇంకో సగా వాళ్లు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలుగా ఉన్న మనలో ఒకే సగాలో పెళ్లి ఉండదు కదా! అంటే తన వంశం కాని మనిషి చేయి పడితేనే ఆ వంశపు దేవుడి పుట్ట లేస్తుంది. కథ చెప్పేది ప్రధాన్‌లు. వంశ చరిత్ర అంతా కిక్రి తీగల మీద, వాళ్ల నోట్లో ఉంది.

కొత్త కోడళ్ల సంగతి కూడా చూడండి. ఆ వంశంలోకి వచ్చిన కోడలు భేటింగ్ జరిగేదాకా నాగోబా పూజలో పాల్గొనదు. అమావాస్య రాత్రి మహాపూజ తర్వాత తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని, పెద్దలు వెంట ఉండగా దేవుడికి పరిచయమవుతుంది. అప్పటి నుంచి ఆమె మెస్రం ఇంటి మనిషి. గోవాడలో 22 పొయ్యిల మీద వండే వంటలో ఆమెకూ చేయి ఉంటుంది.

ఇందులో గోడ ఎక్కడా కనిపించదు. కనిపించేది వరుస. ముందు నడక, తర్వాత నీళ్లు, తర్వాత అమావాస్య, మహాపూజ, భేటింగ్. మన పవిత్రతకు హద్దు కాలంలో ఉంది, క్రమంలో ఉంది, ఎవరు ఏ పని చేయాలన్న బంధుత్వంలో ఉంది. ఆ క్రమంలో కుమ్మరికి, ప్రధాన్‌కు, అల్లుడికి, కోడలికి తలా ఒక చోటుంది. ఇతరులను దూరం పెట్టడం వల్ల వచ్చిన పవిత్రత కాదు ఇది.

2022 డిసెంబరులో కేస్లాపూర్‌లో నాగోబాకు కొత్త రాతి గుడి ప్రారంభమైంది. మెస్రం వంశస్థులు తమ సొంత చందాలతో, కోట్ల రూపాయలు పోగుచేసి కట్టుకున్న గుడి అది. మనందరికీ గర్వకారణం. ఇప్పుడు గోడ కూడా వచ్చింది. అయినా హస్తిన మడుగు నడక ఆగలేదు. ఆగితే మిగిలేది మంచి రాతి కట్టడం మాత్రమే.

పక్క తెగల్లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. మేడారంలో కోయల సమ్మక్కకు విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో చిలకలగుట్ట నుంచి పూజారులు కుంకుమ భరిణె రూపంలో తల్లిని తెస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. తల్లులు గద్దెలకు వస్తారు, వనానికి పోతారు. కొండరెడ్లు మామిడి కొత్త పండుగ చేసేదాకా కొత్త మామిడికాయ తినరు. నిన్నటి కాయ, ఇవాళ్టి కాయ ఒక్కటే. మధ్యలో ఒక పండుగ ఉంది. ఆ ఒక్క నియమం వల్ల కాయ ముదిరేదాకా చెట్టు మీద ఉంటుంది, అందరి ఇళ్లకూ ఒకే రోజు అందుతుంది. దేవుడి పేరు మీద పెట్టిన హద్దు మామూలు బతుకును కూడా కాపాడుతోంది.

గుస్సాడి తలపాగ

మన యువతకు బాగా దగ్గరి విషయం గుస్సాడి. దీపావళి రోజుల్లో దండారి బృందం ఏత్మాసూర్ పెన్‌కు పూజ చేసి బయలుదేరుతుంది. గుస్సాడి వేసినవాడు దీక్షలో ఉన్నట్టే. ఒంటికి బూడిద, తలకు నెమలి ఈకల పాగ, చేతిలో కర్ర. దీక్ష ముగిసేదాకా స్నానం ఉండదు. జబ్బు పడ్డవాళ్లు ఆయన కర్ర తాకితే నయమవుతుందని నమ్ముతారు. నిన్నటిదాకా పత్తి చేలో కలుపు తీసిన మనిషే ఇవాళ దేవుడి మనిషి. కొలబోడి నాడు పాగ తీసి, స్నానం చేశాక మళ్లీ మన పక్కింటి అన్న.

ఈ మధ్య ఏ నాయకుడు వచ్చినా, ఏ కాలేజీ వార్షికోత్సవం జరిగినా గుస్సాడి కావాలంటున్నారు. ఎండాకాలంలో, ఏ పూజా లేకుండా, బజారులో కొన్న ఈకలతో ఆడుతున్నాం. దీని మీద పెద్దలకు, పిల్లలకు మాటామాటా పెరుగుతోంది. పెద్దలు "దేవుణ్ణి ఆటబొమ్మ చేశారు" అంటారు. పిల్లలు "మన కళ నలుగురికీ తెలియొద్దా?" అంటారు.

రెండు వైపులా నిజం ఉంది. మార్లవాయి కనక రాజు గారు ఈ ఆటను ఢిల్లీ గణతంత్ర దినోత్సవాల దాకా తీసుకుపోయారు, ఎందరికో నేర్పారు. 2021లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2024 అక్టోబరులో ఆయన మనల్ని విడిచిపోయారు. ఆయన వేదిక ఎక్కకపోతే గుస్సాడి పేరు ఇంత దూరం పోయేది కాదు. వేదిక తప్పని మేము అనం. వేదిక మీది ఆటకు, దండారిలోని దీక్షకు మధ్య గీత ఎక్కడుందో ఆడేవాడికి తెలిసి ఉండాలి. పూజలో పెట్టిన పాగ వేరు, ప్రదర్శనకు కట్టుకున్న పాగ వేరు. ఈ తేడా చెప్పగలిగినవాడు ఎక్కడ ఆడినా మన గౌరవం నిలబడుతుంది. చెప్పలేనివాడు దండారిలో ఆడినా అది రీల్‌కు మాత్రమే పనికొస్తుంది.

గోడను వెతికినవాళ్లు

మన హద్దులు కంటికి కనిపించవు కాబట్టి వచ్చినవాళ్లకు అవి లేనట్టే తోచాయి. గత శతాబ్దం మొదటి భాగంలో నిజాం సర్కారు ఆదిలాబాద్ అడవులకు రిజర్వు గీతలు గీసింది. మ్యాపులో ఆ గీతకు ఒక పక్క అడవి, ఇంకో పక్క ఊరు. మనం ఊరు పెట్టేటప్పుడు ముందు ఆకిపెన్‌ను నిలబెడతాం. ఆ తర్వాతే ఇళ్లు, పొలాలు. ఊరికీ నేలకూ మధ్య ఒప్పందం అది. రిజర్వు పేరుతో ఊరిని లేపినప్పుడు గుడిసెలు, ఎడ్లబండ్లు కదిలాయి కానీ ఆకిపెన్ అక్కడే అడవిలో ఉండిపోయాడు. లేపినవాడికి అక్కడ కనిపించింది ఒక రాయి, ఒక కర్ర మాత్రమే. గుడి ఉండి ఉంటే కనీసం ఆగి అడిగేవాడేమో!

కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు అది భూమి పట్టాల కోసం మాత్రమే చేసిన పోరాటం కాదని మనం గుర్తుంచుకోవాలి. 1940లో జోడేఘాట్‌లో ఆయన, ఆయన తోటివారు ప్రాణాలిచ్చారు. ఆ తర్వాతే సర్కారు కళ్లు తెరిచి, హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను మన మధ్యకు పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి మన భాష, మన పెన్‌ల గురించి తెలుసుకున్నారు. 1943లో అక్కడ మన ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. మాలాంటి వాళ్లు ఇవాళ చాక్‌పీస్ పట్టుకున్నామంటే ఆ దారి అక్కడి నుంచే వచ్చింది. రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో వెలువడింది.

ఆయన చొరవతోనే 1940ల్లో నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులు వచ్చి మన గోడు వినాలి. ఆఫీసు ఫైలు కంటే మామూలు వ్యవహారం ఇంకేముంటుంది? అది దేవుడి జాతరలోకి వచ్చింది. మన పెద్దలు కాదనలేదు, దానికో చోటు ఇచ్చారు. ముందు మహాపూజ, ఆ తర్వాతి రోజుల్లో దర్బారు. ఆ వరుస నేటికీ తప్పలేదు.

సంత నేల స్మారకమైన రోజు

పూజతోనే కాదు, త్యాగంతో కూడా నేల మారుతుంది. ఇంద్రవెల్లిలో సోమవారం సంత. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన మన వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వం 13 మంది చనిపోయారన్నది. మన ఊళ్లు చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. అప్పటిదాకా అది ఉప్పు, మిరప, ఎడ్లు, బట్టలు అమ్మే చోటు. ఆ రోజు తర్వాత మనలో ఎవరూ ఆ నేల మీద మామూలుగా నడవలేరు. చాలా ఏళ్లు ఏప్రిల్ 20న అక్కడ నివాళి అర్పించడానికి కూడా ఆంక్షలు ఉండేవి. ఆ స్తూపాన్ని ఏ కటోడా ప్రతిష్ఠించలేదు, ఏ ప్రధాన్ కథలోనూ అది ముందు లేదు. అయినా అది మనకు వేరుగా ఉంచుకున్న నేల. జోడేఘాట్ కూడా అంతే. ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి నాడు సంప్రదాయ పూజతోనే మొదలుపెడతాం. మన పవిత్రత పాతకాలంలో ముగిసిపోయిన జాబితా కాదని, చరిత్రతో పాటు పెరుగుతుందని ఈ రెండు చోట్లూ చెబుతున్నాయి.

చట్టం అడిగే ప్రశ్న

ఇప్పుడు చట్టం కూడా మనల్ని "మీ దేవుడి హద్దు ఎక్కడ?" అని అడుగుతోంది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో డోంగ్రియా కోంధులు నియమ రాజాను కొలుస్తారు. అక్కడ బాక్సైట్ తవ్వకం గురించిన కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇచ్చింది. తవ్వకం వల్ల తమ మత హక్కులకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలన్నది. ఆ ఏడాది 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. శిఖరం ఒక్కటే కాదు, కొండంతా, దాని మీది ఊటలు, చెట్లు అన్నీ నియమ రాజావే అని ఆ ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు నిలబడి చెప్పారు. గోడ లేని దేవుణ్ణి నోటి మాటతో కోర్టు ముందు నిలబెట్టిన చరిత్ర అది.

మనకూ ఆ హక్కులు ఉన్నాయి. మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెబుతుంది. సాంస్కృతిక, సహజ వారసత్వానికి హాని జరగకుండా చూసే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. అయితే గ్రామసభలో లేచి "ఇది మా పెన్ చోటు, ఈ నెలలో ఇక్కడ గొడ్డలి పడకూడదు, ఈ దారిన మా నీళ్లు వస్తాయి" అని చెప్పేవాళ్లు కావాలి. ఆ మాట తెలిసిన కటోడాలు, దేవారీలు, ప్రధాన్‌లు పెద్దవాళ్లవుతున్నారు.

ఆడపిల్లలు అడిగే ప్రశ్న

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. వేరుగా ఉంచడం అంటే అన్ని చోట్లా గౌరవమే కాదు. గడ్చిరోలి వైపు మాడియా ఊళ్లలో నెలసరి రోజుల్లో ఆడవాళ్లను కుర్మా ఘర్ అనే గుడిసెలో ఉంచే పద్ధతి ఉంది. చాలా చోట్ల ఆ గుడిసెలకు సరైన తలుపు కూడా ఉండదు. అక్కడ పాము కాటుకు, చలికి భయపడుతూ గడిపేది మన అక్కచెల్లెళ్లే. మా హాస్టల్ ఆడపిల్లలు దీని గురించి అడిగినప్పుడు "ఆచారం, నోరు మూసుకో" అని మేము చెప్పం. కేస్లాపూర్‌లో పుట్ట కట్టేది ఆడబిడ్డలే, వంశాన్ని నిలిపేది భేటింగ్ అయిన కోడళ్లే. ఆడదాని చేయి లేకుండా పూర్తికాని పూజ మనది. అలాంటప్పుడు ఆడదాని శరీరం మైల అనే మాట మన పెన్ దగ్గర నుంచి వచ్చిందా, పక్కవాళ్ల మడి నుంచి వచ్చిందా అని పెద్దలతో కూర్చుని అడగాల్సిందే. హద్దులు పెట్టింది మన పెద్దలే అయితే, ప్రాణం తీసే హద్దును జరిపే అధికారం కూడా మనకే ఉంది.

మనం చేయాల్సింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ దీపావళికి దండారి మీ ఊరికి వచ్చినప్పుడు ఫోన్ తీసే ముందు పటేల్‌ను, కటోడాను అడగండి. ఏది తీయవచ్చో, ఏది తీయకూడదో వాళ్లు చెబుతారు. ప్రదర్శనల సంగతి రాయి సెంటర్లో సార్‌మేడి ముందు పెట్టి, పూజ పాగను బయటికి తీయకుండా ఆడే పద్ధతి ఒకటి ఖాయం చేసుకుందాం. ఒక నోటు పుస్తకం తీసుకుని మీ ఊరి ఆకిపెన్ ఎక్కడ ఉన్నాడో, ఏ నెలలో ఏ పూజో, ఎవరు నీళ్లు తేవాలో, ఎవరు వండాలో, ఎవరు కథ చెప్పాలో రాయండి. దేవుడి రహస్యాలు రాయనక్కర లేదు. పెద్దలు చెప్పవద్దన్నది వదిలేయండి. క్రమం ఒక్కటి రాస్తే చాలు. రేపు గ్రామసభలో అదే మన పత్రం.

ఇక పరీక్షలో ఆ రెండు మార్కుల ప్రశ్న వస్తే దుర్ఖైమ్ పేరు రాయండి, 1912 అని రాయండి, మార్కులు వస్తాయి. దాని కింద ఇంకో వాక్యం కూడా రాయండి: గోండుల్లో మామూలుది మైల కాదు, సమయం వచ్చినప్పుడు, అందరి చేతులూ కలిసినప్పుడు అదే పవిత్రమవుతుంది.

జై జంగో! జై లింగో!